‘సడన్ బ్రేకు’ కారణం కాదు, ఎడం లేకపోవడం కారణం

సంపాదకులు గారికి,

ఎక్స్‌ప్రెస్‌వే మీద ఒకదాని వెనక ఒకటి ఆరేడు వాహనాలు ఢీకొన్నాయన్న వార్త వచ్చినప్పుడల్లా కారణం మూడింట్లో ఏదో ఒకటిగా అచ్చవుతుంది: అతివేగం, పొగమంచు, లేదా ‘ముందు వెళ్తున్న వాహనం సడన్‌గా బ్రేకు వేయడం’. మొదటి రెండింటితో మాకు పేచీ లేదు. మూడోది మాత్రం కారణమే కాదు. ముందువాడికి జంతువు అడ్డం రావచ్చు, టైరు పేలవచ్చు, అతని ముందు ఇంకెవరో ఆగిపోయి ఉండవచ్చు. అప్పుడు బ్రేకు వేయక ఏం చేస్తాడు? అతను ఎంత గట్టిగా బ్రేకు వేసినా మనం ఆగగలిగేంత ఎడం ఉంచామా లేదా అన్నదే అసలు సంగతి. ఆ మాట వార్తలో ఎక్కడా ఉండదు. అందుకే కాబోలు, రెడ్ లైటు దాటడం తప్పని ఒప్పుకునేవాళ్లు కూడా బంపర్‌కి బంపర్ ఆనించి నడపడాన్ని తప్పు కింద లెక్కేయరు. పైగా అదో చాకచక్యం అనుకుంటారు. డ్రైవింగ్ నేర్పే పనిలో ఉన్నవాళ్లంగా ఈ ఎడం గురించి కొంచెం వివరంగా రాస్తున్నాం.

గంటకు 100 కిలోమీటర్లంటే సెకనుకు దాదాపు 28 మీటర్లు. 80 అయితే 22, 120 అయితే 33. స్పీడోమీటరు గంటల లెక్కలో చెబుతుంది, ప్రమాదం సెకన్ల లెక్కలో జరుగుతుంది. చిక్కంతా ఇక్కడే ఉంది. ముందు బండి బ్రేకు లైటు వెలగడం కంటబడి, అది మామూలు బ్రేకు కాదని అర్థమై, కాలు ఎక్సలేటర్ మీంచి లేచి బ్రేకు పెడల్ మీద పడేసరికి మామూలు మనిషికి ఒకటి నుంచి ఒకటిన్నర సెకన్లు పడుతుంది. ఎంత చురుకైనవాడికైనా, ఊహించనిది జరిగినప్పుడు ఇది పెద్దగా తగ్గదు. ఒకటిన్నర సెకన్లంటే 100 వేగంలో 42 మీటర్లు. ఆ 42 మీటర్లూ బండి ఒక్క కిలోమీటరు వేగం కూడా తగ్గకుండా పోతుంది. ఆ తర్వాత బ్రేకులు పట్టి, పొడి రోడ్డు మీద, మంచి టైర్లతో నిలవడానికి ఇంకో 55. మొత్తం 97 మీటర్లు. బ్రిటన్ రోడ్డు నియమాల పుస్తకం ‘హైవే కోడ్’ గంటకు 70 మైళ్ల వేగానికి, అంటే సుమారు 113 కిలోమీటర్లకు, 96 మీటర్లని చెబుతుంది: ఆలోచనకు 21, బ్రేకుకు 75. ఆలోచనకు వాళ్లిచ్చిన 21 మీటర్లు సెకనులో మూడింట రెండు వంతులే. బ్రేకు వేయాల్సి వస్తుందని ముందే తెలిసి సిద్ధంగా కూచున్నవాడికి అది చాలుతుందేమో గానీ, నాలుగు గంటలుగా నడుపుతూ పక్కవాళ్లతో కబుర్లు చెబుతున్నవాడికి చాలదు.

ఇప్పుడు ఒకే రకం కార్లు రెండు, ఒకే రకం బ్రేకులు, రెండూ 100 వేగంలో, మధ్య ఒక సెకను ఎడం అనుకుందాం. అంటే 28 మీటర్లు, ఆరు కార్ల పొడవు. చూడ్డానికి బోలెడంత జాగా ఉన్నట్టే ఉంటుంది. ముందు కారు గట్టిగా బ్రేకు వేసింది. వెనక కారు డ్రైవరు ఒకటిన్నర సెకన్ల తర్వాత అంతే గట్టిగా వేశాడు. ఆ ఒకటిన్నర సెకన్లలో ముందు కారు వేగం గంటకు 38 కిలోమీటర్లు పడిపోయి ఉంటుంది. అక్కణ్నుంచి రెండూ ఒకే తీరున నెమ్మదిస్తాయి కాబట్టి ఆ 38 తేడా చివరిదాకా అలాగే ఉంటుంది, ఎడం తరుగుతూనే ఉంటుంది. ముందు కారు బ్రేకు వేసిన దాదాపు మూడున్నర సెకన్లకు, అది 14 వేగంలో, వెనకది 52 వేగంలో ఉండగా ఢీకొంటాయి. బ్రేకులు ఫెయిలవలేదు, టైర్లు జారలేదు, ఎవరూ నిద్రపోలేదు. ఎడం చాల్లేదు, అంతే. అదే రెండు సెకన్ల ఎడం ఉండుంటే, రెండు కార్లూ ఆగాక మధ్య దాదాపు 14 మీటర్లు మిగిలేది.

ఎడాన్ని మీటర్లలో కాక సెకన్లలో కొలవమనడం ఇందుకే. 56 మీటర్ల దూరాన్ని కంటితో అంచనా వేయమంటే పదిమంది పది రకాలుగా చెబుతారు. పైగా రెండు బండ్లూ ఒకే వేగంతో పోతున్నప్పుడు మధ్య దూరం కదలకుండా నిలబడ్డట్టు కనిపిస్తుంది. ఎదుటి బండి మన ముందు పార్కు చేసి ఉన్నంత ప్రశాంతంగా ఉంటుంది. కళ్లు ఆ భ్రమకు అలవాటుపడి గంటగంటకూ దగ్గర జరుగుతూ పోతాం. సెకన్ల లెక్కకు ఆ భ్రమ లేదు. వేగం పెరిగితే మీటర్లు వాటంతట అవే పెరుగుతాయి.

కొలిచే పద్ధతి ఇది. రోడ్డు పక్కన కదలనిది ఒకటి గుర్తు పెట్టుకోవాలి: కిలోమీటరు రాయి, బోర్డు స్తంభం, రోడ్డు మీద పడ్డ వంతెన నీడ, తారు అతుకు, ఏదైనా సరే. ముందు బండి వెనక బంపర్ ఆ గుర్తును దాటిన క్షణాన ‘వెయ్యిన్నొకటి, వెయ్యిన్నిరెండు’ అని మామూలుగా పలకడం మొదలుపెట్టాలి. ‘వెయ్యిన్నిరెండు’ పూర్తయ్యాకే మన ముందు బంపర్ ఆ గుర్తుకు చేరాలి. మధ్యలోనే చేరితే దగ్గరున్నట్టు. ‘ఒకటి, రెండు’ అని లెక్కిస్తే ఒక సెకనులోనే అయిపోతుంది, అందుకే వెయ్యి తగిలించడం. ఇంట్లో గడియారం సెకన్ల ముల్లు చూస్తూ నాలుగైదుసార్లు పలికి చూసుకుంటే వేగం కుదురుతుంది. స్టీరింగ్ ముందు కూచుంటే చాలామంది తెలియకుండానే గబగబా లెక్కపెడతారు. నేర్చుకునేవాళ్లలో మేం ఎక్కువగా సరిదిద్దేది దీన్నే. ఒక్కసారి కొలిచి వదిలేయకూడదు. లేన్ మారాక, వేగం మారాక, ఊరికే తోచనప్పుడు కూడా మళ్లీ కొలవాలి.

రెండు సెకన్లు కనీసం మాత్రమే, అదీ పొడి రోడ్డు, పగటి వెలుగు, కారు వెనక కారు అన్నప్పుడు. ఈ లెక్క వెనక ఒక నమ్మకం దాగుంది: ముందు బండి కూడా బ్రేకులతోనే ఆగుతుందని, దానికీ కొంత దూరం పడుతుందని. అది ఆగి ఉన్న లారీకి కొట్టుకుని ఉన్నచోటే నిలిచిపోతే ఈ లెక్క చెల్లదు. అప్పుడు మనకు కావలసింది మొత్తం 97 మీటర్లు, అంటే 100 వేగంలో మూడున్నర సెకన్లు. గొలుసు ప్రమాదాల్లో మూడో బండి, నాలుగో బండి చిక్కుకునేది ఇలాగే. కాబట్టి చూపు ముందు బండి బ్రేకు లైట్ల మీదే అతుక్కుపోకూడదు. దాని అద్దాల్లోంచి, పక్కనుంచి, వంపుల్లో లోపలి వైపు నుంచి ఇంకో రెండు మూడు బండ్ల అవతలికి సాగాలి. ముందు కారు వెనక సీట్ల మీదుగా దాని అవతలి బండి బ్రేకు లైట్లు కనబడుతుంటే మనకు ఒక సెకను ఉచితంగా దొరికినట్టే. ముందున్నది వ్యాను గానీ లారీ గానీ అయితే ఆ సౌకర్యం పోతుంది. చూపు తగ్గిన మేరకు ఎడం పెంచాలి.

లారీల సంగతి వేరుగా చెప్పాలి, ఎందుకంటే రెండు వైపుల నుంచీ పొరపాటు జరుగుతుంది. కారు వెనక లోడు లారీ పోతోందనుకోండి, రెండూ 80 వేగంలో. కారు గట్టిగా బ్రేకు వేస్తే 31 మీటర్లలో ఆగిపోగలదు. లోడు లారీకి బ్రేకులు పట్టాక 49 మీటర్లు కావాలి. దానికి ముందు డ్రైవరు తేరుకునే ఒకటిన్నర సెకన్లు. ఆపైన, లారీ బ్రేకులు గాలి ఒత్తిడితో పనిచేసేవి కాబట్టి, పెడల్ తొక్కినా గాలి పైపుల గుండా పోయి బ్రేకు చాంబర్లు నిండి, లైనర్లు (రాపిడితో ఆపే పట్టీలు) చక్రంతో తిరిగే డ్రమ్ముకు ఆనేసరికి ఇంకో అర సెకను. ఆ రెండు సెకన్లలో 44 మీటర్లు పోతాయి. లెక్క వేస్తే మధ్య దాదాపు 62 మీటర్లు ఉండాలి, అంటే మూడు సెకన్లకు దగ్గర. దిగువ వాలులో అదేపనిగా బ్రేకు తొక్కుతూ వచ్చిన లారీకి ఈ లెక్క కూడా నిలవదు. డ్రమ్ములు వేడెక్కి, పెడల్ ఎంత తొక్కినా పట్టు తగ్గిపోతుంది. లైనర్లు కాలిన వాసన వస్తోందంటే అప్పటికే ఆలస్యమైనట్టు. గేరు ముందే దించి ఇంజన్‌తో ఆపుకుంటూ రావాల్సింది. అలాంటి లారీ ముందుకు చటుక్కున దూరి వేగం తగ్గించే కారు డ్రైవర్లు తమ వెనక ఉన్న బరువెంతో ఆలోచించినట్టు లేదు. లారీ డ్రైవరు కష్టపడి ఉంచుకున్న ఆ ఎడం ఖాళీ జాగా కాదు, అతని బ్రేకులో భాగం.

ఇక కారు లారీ వెనక ఉంటే, దాని రెండు పక్క అద్దాలూ మనకు కనబడేంత వెనక ఉండాలి. అద్దం మనకు కనబడకపోతే మనం అతనికి కనబడం. లారీ తోక పట్టుకుని పోతే గాలి తాకిడి తగ్గి ఇంధనం మిగులుతుందని కొందరంటారు. మిగిలే చుక్కల సంగతేమో గానీ, కారు బానెట్ లారీ ఛాసిస్ కిందికి దూరితే మొదటి దెబ్బ అద్దానికి, అద్దం వెనక ఉన్న తలకి. ఎయిర్ బ్యాగులూ, ముందు భాగం నలిగి దెబ్బను మింగే ఏర్పాటూ అక్కడ పూర్తిగా అక్కరకు రావు.

ఇంతా విన్నాక అందరూ అడిగే మాట ఒకటుంది: ‘ఎడం ఉంచితే ఎవడో ఒకడు కట్ కొట్టి దూరిపోతాడు కదా, మనం వెనకబడుతూనే ఉండాలా?’ దూరుతారు, నిజమే. అయితే నష్టమెంతో లెక్క కట్టి చూడండి. ఒక బండి మన ముందుకు దూరితే, మళ్లీ రెండు సెకన్ల ఎడం తెచ్చుకోవడానికి మనం పోగొట్టుకునేది రెండు సెకన్లే. రెండు గంటల ప్రయాణంలో ముప్పై బండ్లు దూరాయనుకున్నా మొత్తం ఒక్క నిమిషం. నిజానికి అంతా కూడా పోదు. కట్ కొట్టేవాడు సాధారణంగా మనకంటే వేగంగా పోయేవాడు, తనంతట తానే దూరమవుతాడు. అలా దూరినప్పుడు బ్రేకు తొక్కనక్కర్లేదు, హారన్ అసలే అక్కర్లేదు. ఎక్సలేటర్ మీద కాలు కాస్త తేలిక చేసి వేగం 5 కిలోమీటర్లు తగ్గిస్తే 20 సెకన్లలో 28 మీటర్లు తిరిగి వస్తాయి. మన బ్రేకు లైటు వెలగదు కాబట్టి వెనకవాడు కంగారుపడడు. ముందు బండికి సెకను దూరంలో పోయేవాడు, మూడు సెకన్ల దూరంలో పోయేవాడి కంటే టోల్ గేటుకు ముందుగా చేరేది రెండు సెకన్లు. ఆ రెండు సెకన్ల కోసం దారంతా కాలు బ్రేకు మీదా ప్రాణం అరచేతిలోనూ పెట్టుకుని పోవాలి.

దగ్గరగా నడిపితే రోడ్డు మీద ఎక్కువ బండ్లు పడతాయి, ట్రాఫిక్ తొందరగా కదులుతుందన్నది ఇంకో వాదన. నిజంగా జరిగేదేమిటో జపాన్ పరిశోధకులు 2008లో వెలువరించిన ఒక ప్రయోగం కళ్లకు కట్టినట్టు చూపించింది. 230 మీటర్ల చుట్టుకొలత ఉన్న వలయంలో 22 కార్లను ఒకే వేగంతో నడపమన్నారు. సిగ్నల్ లేదు, మలుపు లేదు, అడ్డు లేదు. కాసేపటికే ఎక్కడో ఒకరు చిన్నగా నెమ్మదించడం, వెనకవాడు ఇంకొంచెం ఎక్కువ నెమ్మదించడం, అలా పెరిగి పెరిగి కొన్ని కార్లు పూర్తిగా ఆగిపోయాయి. ఆ ఆగుడు అల గంటకు 20 కిలోమీటర్ల వేగంతో వెనక్కి పాకింది. హైవే మీద ఏ ప్రమాదమూ లేకుండానే ట్రాఫిక్ ఆగి, మళ్లీ ఏ కారణమూ కనబడకుండానే కదిలిపోయే అనుభవం చాలామందికి ఉంటుంది. మధ్య ఎడం ఉంటే ముందువాడి చిన్న తడబాటు మన దగ్గరికొచ్చేసరికి ఎక్సలేటర్ వదలడంతోనే సర్దుకుంటుంది. ఎడం లేకపోతే అది బ్రేకవుతుంది, మన వెనకవాడికి ఇంకా పెద్ద బ్రేకవుతుంది.

వానలో ఎడం రెట్టింపు, అంటే నాలుగు సెకన్లు. తడి రోడ్డు మీద 100 వేగంలో ఆగే దూరం తేలిగ్గా 140 మీటర్ల దాకా పోతుంది. టైరు గాడులు 1.6 మిల్లీమీటర్ల లోతు దాకా చాలా దేశాల చట్టం ఒప్పుకుంటుంది గానీ, ఆ లోతులో టైరు నీళ్లను పక్కకు తోయలేక వాటి మీద తేలడం మొదలుపెడుతుంది. స్టీరింగ్ ఉన్నట్టుండి తేలికైపోవడమే గుర్తు. అప్పుడు బ్రేకు వేయకుండా కాలు మెల్లగా తీసి, చక్రం తిన్నగా పట్టుకోవాలి. రాత్రి డిమ్ లైటు వెలుగు 97 మీటర్ల దాకా స్పష్టంగా పడదు. లైట్లు లేకుండా ఆగి ఉన్న లారీని ముందు కారు చివరి క్షణంలో తప్పించుకుంటే, దాని తోక పట్టుకుని వస్తున్నవాడికి ఆ క్షణం కూడా మిగలదు. పొగమంచులో లెక్క మారుతుంది: కనబడేంత దూరంలో ఆగగలిగే వేగమే వేగం. చూపు 50 మీటర్ల లోపైతే 50 కిలోమీటర్లు దాటకూడదని జర్మనీలో చట్టమే ఉంది. ముందు బండి ఎర్ర లైట్లు పట్టుకుని పోతే దారి తెలుస్తుందనుకునేవాళ్లు, తన ముందేముందో ఆ ముందువాడికీ తెలియదని మరిచిపోతారు.

బ్రేకు లైట్ల గురించి చిన్న మాట. పాతకాలపు ఫిలమెంట్ బల్బు వేడెక్కి పూర్తిగా వెలగడానికి ఎల్ఈడీ కంటే సెకనులో అయిదో వంతు ఎక్కువ పడుతుంది. 100 వేగంలో అది అయిదున్నర మీటర్లు, అంటే ఒక కారు పొడవుకు పైనే. మసిబారిన లైటు అద్దం, మాడిపోయిన బల్బు వెనకవాడి ఎడాన్ని మనం తినేయడమే.

కొత్త కార్లలో రాడార్ చూసుకుంటుంది కదా అంటారు. ముందు బండిని బట్టి వేగం మార్చుకునే క్రూయిజ్ కంట్రోల్ మంచిదే. దానిలో ఎడం గీతలుగా కనబడుతుంది. చాలామంది కట్ కొట్టేవాళ్లకు భయపడి అన్నిటికంటే చిన్నదానికి పెడతారు. చాలా బండ్లలో ఆ చిన్న సెట్టింగు సెకనుకు అటూ ఇటూగా ఉంటుంది. దాన్ని పెద్దదానికి మార్చి, పైన చెప్పిన లెక్కతో ఒకసారి కొలిచి చూసుకోవాలి. ఇంకో ఇబ్బంది, ఇలాంటి వ్యవస్థల్లో చాలావాటికి ఎక్కువ వేగంలో పోతున్నప్పుడు పూర్తిగా ఆగి ఉన్న వాహనాన్ని గుర్తించడం కష్టం. ముందు కారు లేన్ మారగానే ఎదురుగా ఆగిన బండి ప్రత్యక్షమైతే, మిషను ఎదురు దారి ఖాళీ అనుకుని వేగం పెంచిన సందర్భాలూ ఉంటాయి. ఏబీఎస్ గురించి కూడా ఒక అపోహ: అది పొడి రోడ్డు మీద ఆగే దూరాన్ని పెద్దగా తగ్గించదు. చక్రాలు బిగుసుకోకుండా చూసి, బ్రేకు వేస్తూనే పక్కకు తిప్పుకునే వీలిస్తుంది. అది పనిచేస్తున్నప్పుడు పెడల్ కాలికింద టకటకా అదురుతుంది. ఏదో విరిగిందనుకుని చాలామంది కాలు తీసేస్తారు. తీయకూడదు, ఇంకా గట్టిగా తొక్కి పట్టాలి.

మన వెనక ఎవరైనా డిప్పర్ కొడుతూ అంటుకుని వస్తుంటే? అతని ఎడం మన చేతిలో లేదు, మన ముందు ఎడం ఉంది. దాన్ని మూడు నాలుగు సెకన్లకు పెంచుకుంటే మనం గట్టి బ్రేకు వేయాల్సిన అవసరం తగ్గుతుంది. ఆ మేరకు అతనూ బతుకుతాడు. వీలు దొరకగానే నెమ్మది లేన్‌లోకి మారి పోనివ్వాలి. బుద్ధి చెబుదామని బ్రేకు తట్టడం మాత్రం మన డిక్కీని అతని బానెట్‌కు అప్పజెప్పడమే. ట్రాఫిక్ ఆగిపోయిన చోట వరుసలో చివరి బండి మనదైతే నాలుగు ఇండికేటర్లూ వేసి, ముందు బండి వెనక టైర్లు రోడ్డుకు ఆనిన చోటు కనబడేంత జాగా వదిలి ఆగాలి. కాలు బ్రేకు మీద, కన్ను వెనక అద్దంలో, మరో బండి వచ్చి మన వెనక ఆగేదాకా. ఆ జాగా ఉంటే, వచ్చేవాడు ఆగేలా లేడని తెలిసినప్పుడు పక్కకు తప్పుకోవచ్చు.

రోడ్లు వేసేవాళ్లు చేయగలిగినవీ ఉన్నాయి, పెద్ద ఖర్చు కూడా కాదు. బ్రిటన్‌లో కొన్ని మోటార్‌వేల మీద లేన్‌లో బాణం మొనల్లాంటి గుర్తులు వేసి, రెండు గుర్తుల ఎడం ఉంచండని బోర్డు పెడతారు. ఫ్రాన్స్‌లో అంచు గీతలనే కొలబద్దగా వాడతారు: అత్యవసర లేన్‌ను వేరుచేసే ముక్క గీత 39 మీటర్లు, మధ్య ఖాళీ 13. ముందు బండికీ మనకూ మధ్య రెండు గీతలు కనబడితే 91 మీటర్లు, అక్కడి 130 వేగానికి రెండు సెకన్లు పోను ఇంకా మిగులు. జర్మనీలో వేగం అంకెలో సగాన్ని మీటర్లుగా తీసుకోమంటారు. ఏ వేగంలోనైనా అది 1.8 సెకన్లకు తేలుతుంది. మూడున్నర టన్నులు దాటిన లారీలు ఆటోబాన్ (అక్కడి ఎక్స్‌ప్రెస్‌వే) మీద 50 వేగం దాటితే 50 మీటర్ల ఎడం తప్పనిసరి. వంతెనల మీంచి కెమెరాలతో కొలిచి జరిమానా వేస్తారు, మరీ దగ్గరగా నడిపితే కొన్నాళ్లు బండి ముట్టుకోకుండా నిషేధిస్తారు. లైసెన్సు పరీక్షలో ఎనిమిది అంకె వేయించడంతో పాటు, నడుస్తున్న బండి వెనక రెండు సెకన్లు కొలిచి చూపించమని అడిగితే నిమిషం కూడా పట్టదు.

చివరగా మీ విలేకరులకు ఒక విన్నపం. ఇలాంటి ప్రమాదం రాసేటప్పుడు వాహనాల మధ్య ఎడం ఎంత ఉందని పోలీసులను అడగండి. ఈ రోజుల్లో చాలా బండ్లలో డ్యాష్ కెమెరా ఉంటుంది, టోల్ ప్లాజాల దగ్గర కెమెరాలు ఉంటాయి. దృశ్యంలో ముందు బండి ఒక స్తంభాన్ని దాటిన క్షణం, వెనక బండి దాన్నే దాటిన క్షణం చూస్తే సెకన్లు తేలిపోతాయి. ‘సడన్ బ్రేకు వేయడంతో’ అని రాసే చోట ‘వెనక వాహనం ముప్పావు సెకను దూరంలోనే ఉండడంతో’ అని రాయండి.

ఇట్లు,
డ్రైవింగ్ శిక్షకులు కొందరు